పొగగొట్టం గాలిని మరీ ఎక్కువ గుంజుతోందా? కట్టె మిగిలేలా, ఇల్లు కాలకుండా పొయ్యిని అదుపులో పెట్టుకునే పద్ధతి



పొయ్యి గురించి మాట్లాడితే అందరం పొగ గురించే మాట్లాడుతాం. పొగ బయటికి పోవడం లేదు, కళ్లు మండుతున్నాయి, గోడలు నల్లబడుతున్నాయి అంటాం. దానికి మందు పొగగొట్టం. కానీ గొట్టం పెట్టుకున్నాక కొన్ని ఇళ్లలో ఇంకో ఇబ్బంది మొదలవుతుంది. పొగ పోతుంది, దాంతోపాటు వేడి కూడా పోతుంది. మంట గిన్నెకు తగలకుండా గొట్టంలోకి ఉరుకుతుంది. మోపెడు కట్టె అయిపోతుంది గానీ అన్నం ఉడకదు. రాత్రిపూట చూస్తే గొట్టం కొస నుంచి మిణుగురుల్లాగ నిప్పురవ్వలు లేస్తుంటాయి. పక్కనే గడ్డివాము ఉంటే పరిస్థితి ఏంటో చెప్పనక్కర్లేదు.

నకిరేకల్ చుట్టుపక్కల మన ఇళ్లలో గ్యాసు ఉన్నా కట్టెల పొయ్యి పోలేదు. స్నానానికి నీళ్లు, పశువులకు దాణా ఉడకబెట్టుడు, పెండ్లికో పండుగకో పెద్ద గంజుల వంట, జొన్న రొట్టె, అన్నీ కట్టెల మీదనే. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు ఇంకో పని కూడా ఉంది. అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం సన్నమంట మీద కాగాలి. గొట్టం గాలిని గుంజి మంటను ఎగదోస్తే గోమూత్రం ఒక్కసారిగా పొంగి పొయ్యిలో పడుతుంది. అందుకే ఈ రోజు గొట్టం గుంజుడు గురించి వివరంగా చూద్దాం. వీడియోలో చేసి చూపించిన పనులకు లెక్కలు, కారణాలు ఇక్కడ రాస్తున్నాం.

గొట్టం గాలిని ఎందుకు గుంజుతుంది?

వేడి గాలి తేలిక, చల్లగాలి బరువు. గొట్టం నిండా వేడి గాలి ఉంటే అది పైకి పోతుంది, ఆ ఖాళీలోకి పొయ్యి నోటి నుంచి చల్లగాలి వస్తుంది. గుంజుడు అంటే ఇంతే. ఇది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: గొట్టం ఎత్తు, గొట్టంలో వేడి, బయట చలి.

ఒక లెక్క చూడండి. గొట్టం ఎత్తు 12 అడుగులు, బయట 35 డిగ్రీలు, గొట్టంలో పొగ 150 డిగ్రీలు అనుకుంటే గుంజుడు సుమారు 11 పాస్కల్. అదే పొగ వేడి 300 డిగ్రీలకు పోతే గుంజుడు సుమారు 19. పుష్యమాసం తెల్లవారుజామున బయట 15 డిగ్రీల చలి ఉంటే అదే గొట్టం 21 దాటుతుంది. చలి దేశాల్లో ఇల్లు వెచ్చబెట్టుకునే ఇనుప పొయ్యిలను సుమారు 12 పాస్కల్ గుంజుడు దగ్గర పరీక్షిస్తారు. మన వంటపొయ్యికి నిజానికి అంత కూడా అక్కర్లేదు, పొగ వెనక్కి రాకుంటే చాలు.

ఇందులో ఒక చిక్కు ఉంది. గుంజుడు పెరిగితే మంట పెరుగుతుంది. మంట పెరిగితే గొట్టం ఇంకా వేడెక్కుతుంది. గొట్టం వేడెక్కితే గుంజుడు ఇంకా పెరుగుతుంది. ఒకదాన్ని ఒకటి ఎగదోసుకుంటూ పోతాయి. అందుకే పత్తి కట్టె వేసిన ఐదు నిమిషాలకే పొయ్యి హోరుమని మోగుతుంది. దీన్ని మధ్యలో ఎక్కడో ఒకచోట ఆపాలి.

దీనికి గాలి తోడైతే మరీ ఎక్కువ. మృగశిర కార్తె నుంచి ఆషాఢం, శ్రావణం దాకా మన దిక్కు పడమటి గాలి బలంగా కొడుతుంది. ఆ గాలి గొట్టం కొస మీదుగా పోతుంటే లోపలి పొగను బయటికి పీలుస్తుంది. అందుకే ఒకే పొయ్యి చైత్రంలో మంచిగా ఉండి ఆషాఢంలో తిక్కతిక్కగా మండుతుంది.

ఎక్కువ గుంజితే నష్టం ఎంత?

ఎండిన కట్టె ఒక కిలో పూర్తిగా కాలడానికి సుమారు 5 కిలోల గాలి చాలు. మంచిగా మండాలంటే దానికి రెట్టింపు, అంటే 10 కిలోలు పోనివ్వాలి. గుంజుడు ఎక్కువైన పొయ్యిలో 20 కిలోల గాలి పోతుంది అనుకుందాం. అవసరం లేని ఆ గాలినంతా మనమే వేడిచేసి ఆకాశంలోకి పంపుతున్నాం. గొట్టంలో పొగ 250 డిగ్రీలు ఉంటే, మొదటి పద్ధతిలో కట్టెలోని వేడిలో ఆరో వంతు గొట్టంలో పోతుంది. రెండో పద్ధతిలో మూడో వంతు పోతుంది. మూడు మోపులు కాలిస్తే ఒక మోపు గొట్టం పాలే అన్నమాట.

మనకు ఇది కట్టె ఖర్చు ఒక్కటే కాదు. పొయ్యిలో పోయిన ప్రతి కంది కట్టె, బత్తాయి కొమ్మ, నిమ్మ కొమ్మ నేల మీద ఆచ్ఛాదనగా పడాల్సింది. కట్టె మిగిలితే చెట్టు పాదులో పడుతుంది, తేమ ఆగుతుంది, వానపాము బతుకుతుంది. పత్తి కట్టె సంగతి వేరు. దాంట్లో గులాబీరంగు పురుగు దాక్కుని ఉంటుంది కాబట్టి తొలకరి దాకా కుప్ప పెట్టకుండా ముందు దాన్నే కాల్చేయాలి. మిగతావి నేలకు దాచుకోవాలి.

మీ పొయ్యి ఎక్కువ గుంజుతోందని ఎట్లా తెలుస్తుంది?

1. పొయ్యిలో హోరు వినిపిస్తుంది. సరిగ్గా మండే పొయ్యి మెల్లగా చిటపటలాడుతుంది గానీ మోగదు.
2. మంట నిలువుగా లేచి గిన్నె అడుగును నాకకుండా, అడ్డంగా వంగి గొట్టం దిక్కు పోతుంది.
3. రెండు గిన్నెల పొయ్యి అయితే ముందు గిన్నె కంటే వెనక గిన్నె తొందరగా మసులుతుంది.
4. కట్టె కాలిపోయాక నిప్పులు నిలవవు, నిమిషాల్లో బూడిద అయిపోతాయి.
5. ఇనుప గొట్టం మీద మనిషి ఎత్తులో నీటి చుక్క చల్లితే చుయ్ మని ఎగిరి గంతులేస్తుంది. చుక్క మెల్లగా ఆవిరైతే పరవాలేదు. సిమెంటు గొట్టం మీద ఈ పరీక్ష చేయొద్దు, పగులుతుంది.
6. చీకట్లో గొట్టం కొస నుంచి రవ్వలు కనిపిస్తాయి.

అగరుబత్తి పరీక్ష కూడా చేయండి. వెలిగించిన అగరుబత్తిని పొయ్యి నోటి ముందు జానెడు దూరంలో పట్టండి. పొగ మెల్లగా లోపలికి వంగితే సరిపోయినంత గుంజుడు ఉంది. పొగ గీత గీసినట్టు సర్రున లోపలికి పోతే ఎక్కువ. పొగ మీ దిక్కే వస్తే గుంజుడు చాలదు, అప్పుడు ఈ వ్యాసంలో చెప్పినవి చేయొద్దు. ముందు గొట్టంలో మసి దులపండి.

ముందుగా చేయకూడని పని: గొట్టం కోయడం

ఎత్తు ఎక్కువై గుంజుతోంది కదా, రెండడుగులు కోసేద్దాం అనిపిస్తుంది. వద్దు. మొదటిది, దాంతో వచ్చే ఫలితం తక్కువ. ఎత్తును సగం చేసినా గాలి పారుదల సగం కాదు, మూడో వంతు కంటే తక్కువే తగ్గుతుంది. రెండోది, గొట్టం కొస కప్పుకు దగ్గరైతే రవ్వలు తాటాకు మీదనో గడ్డి మీదనో పడతాయి, గాలి సుడి తిరిగి పొగ ఇంట్లోకే వస్తుంది. గొట్టం కప్పులోంచి బయటికొచ్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి. చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న ఏ కప్పు కన్నా 2 అడుగులు ఎత్తులో ఉండాలి. ఎత్తు అట్లనే ఉంచి గుంజుడును వేరే చోట ఆపాలి.

ఏ వరుసలో సరిచేయాలి?

ఖర్చు లేనివి ముందు చేయండి. ఒక్కొక్కటి చేసి నాలుగు రోజులు వాడి చూడండి, అవసరమైతేనే తర్వాతదానికి పోండి.

ఒకటి, పొయ్యి నోరు. ఎక్కువ ఇళ్లలో పొయ్యి నోరు అవసరానికి మించి పెద్దగా ఉంటుంది. పొడుగు కట్టెలు ఎగదోయడానికి వీలుగా అట్లా పెడతాం. మంట అందుకున్నాక నోటికి అడ్డంగా ఒక పెంకో, మందపు రేకో నిలబెట్టి, కింద రెండు వేళ్ల సందు వదలండి. గాలి కింది నుంచే నిప్పుల మీదుగా పోతుంది. ఇదే అన్నిటికన్నా భద్రమైన పద్ధతి. ఎందుకంటే గాలి వచ్చే దారిని తగ్గిస్తున్నాం గానీ పొగ పోయే దారిని మూయడం లేదు. పొగ ఇంట్లోకి తిరిగి రాదు.

రెండు, గిన్నెలు, పగుళ్లు. గిన్నె పొయ్యి గుంతలో సరిగా కూర్చోకపోతే చుట్టూ సందులోంచి చల్లగాలి పోతుంది. ఏ సైజు గుంతకు ఆ సైజు బగోనె వాడండి. చిన్న గిన్నె పెట్టాల్సి వస్తే రేకు చుట్టు వేసుకోండి. రెండో గుంత ఖాళీగా ఉంటే మూత పెట్టండి. పొయ్యి గోడ పగుళ్లను పుట్టమన్ను, పేడ, సన్న ఊక కలిపి మెత్తండి.

మూడు, లోపల అడ్డుగడ్డ. ముందు గుంత నుంచి వెనక గుంతకు మంట పోయే దారి సాఫుగా, వెడల్పుగా ఉంటే మంట గిన్నె అడుగున ఆగదు. వెనక గుంత కింద ఒక ఇటుకను మట్టితో నిలబెట్టి, ఇటుక పైభాగానికి, గిన్నె అడుగుకు మధ్య అంగుళం సందు ఉంచండి. అప్పుడు మంట పైకెక్కి, గిన్నె అడుగును రుద్దుకుని, దిగి గొట్టంలోకి పోతుంది. దారిలో రాపిడి పెరిగి గుంజుడు తగ్గుతుంది, గిన్నెకు వేడి పెరుగుతుంది. ఒకే పనికి రెండు లాభాలు. సందు మరీ తక్కువైతే పొగ వెనక్కి తంతుంది, అప్పుడు ఇటుక కొంచెం చెక్కండి.

నాలుగు, గొట్టంలో అడ్డుపలక. దీన్నే డ్యాంపర్ అంటారు. ఇది కొత్త సంగతి కాదు. మన హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు గారు తయారుచేసిన పొగరాని మట్టి పొయ్యికి, పొగగొట్టంతో పాటు మంటను అదుపు చేసే లోహపు అడ్డుపలక ఉండేది. దాని గురించి ఆయన రాసిన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్' అనే పుస్తకం 1953లో అచ్చయింది. అంటే పొగ పోవడం ఒకటే కాదు, మంటను పట్టి ఉంచడం కూడా పొయ్యి పనే అని అప్పుడే ఆలోచించారు.

అడ్డుపలక ఎట్లా చేయించుకోవాలి?

వీడియోలో చూపించింది 4 అంగుళాల ఇనుప గొట్టానికి. వెల్డింగ్ షాపులో మందపు రేకుతో పావుతక్కువ నాలుగు అంగుళాల గుండ్రటి పలక కోయించండి. దాని మధ్యలో పావుతక్కువ రెండు అంగుళాల రంధ్రం పెట్టించండి. గొట్టానికి ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు చేసి, వాటిలోంచి ఒక ఇనుప కడ్డీ దూర్చి, ఆ కడ్డీకి పలకను బిగించాలి. కడ్డీ తిప్పితే పలక తిరుగుతుంది. బయట పిడిని పలకకు సమంగా వంచండి. పిడి నిలువుగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు, చూడగానే తెలిసిపోవాలి. పిడికి గట్టి తీగ చుట్టుకుంటే చెయ్యి కాలదు. పొయ్యి మీద రెండు మూడు అడుగుల ఎత్తులో, ఇంట్లో వంట చేసే మనిషి చేతికి అందేచోట పెట్టండి.

మధ్యలో రంధ్రం ఎందుకని చాలామంది అడుగుతారు. పలక పూర్తిగా మూసినా గొట్టం దారిలో కనీసం ఐదో వంతు తెరిచి ఉండాలి. ఈ రంధ్రం అంతే వస్తుంది. చుట్టూ ఉండే సన్న సందు మసితో పూడిపోయినా రంధ్రం పనిచేస్తుంది. రంధ్రం లేని పలక పెట్టించుకోవద్దు. వెల్డింగ్ చేసే తమ్ముడికి కూడా ఇది గట్టిగా చెప్పండి.

పాత ఇళ్లలో సిమెంటు గొట్టాలు ఉంటే, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. దాన్ని కోయకుండా, రంధ్రం పెట్టకుండా, పొయ్యికి గొట్టానికి మధ్య రెండడుగుల ఇనుప ముక్క జతచేసి అందులో పలక పెట్టించండి.

వాడే తీరు ఇట్లా ఉండాలి. వెలిగించేటప్పుడు పూర్తిగా తెరవాలి. పది నిమిషాలకు గొట్టం వేడెక్కి హోరు మొదలవుతుంది. అప్పుడు మెల్లగా తిప్పుతూ హోరు ఆగిన చోట ఆపండి. పొయ్యి నోట్లోంచి పొగ కనిపిస్తే ఎక్కువ మూసినట్టు, కొంచెం వెనక్కి తిప్పండి. కొత్త కట్టె వేసేముందు మళ్లీ తెరిచి, మంట అందుకున్నాక మూయండి. వంట అయిపోయాక నిప్పులు మిగిలితే పలక తెరిచే ఉంచండి.

ఇవన్నీ చేసినా గాలి రోజుల్లో ఆగకపోతే

గొట్టానికి పక్కన ఒక టీ ముక్క పెట్టించి దానికి జరిగే మూత పెట్టుకోవచ్చు. మూత కొంచెం తెరిస్తే గొట్టం పొయ్యిలోంచి కాకుండా వంటింట్లోంచి గాలి గుంజుకుంటుంది. పొగ చల్లబడుతుంది, పొయ్యి మీద గుంజుడు తగ్గుతుంది. విదేశాల్లో ఈ మూతకే చిన్న బరువు కట్టి, గాలిని బట్టి దానంతటదే తెరుచుకునేలా చేస్తారు. ఒక జాగ్రత్త ఉంది. పచ్చి కట్టె కాల్చే ఇంట్లో ఇది మంచిది కాదు. చల్లబడిన పొగ గొట్టం లోపల తారులాగ పేరుకుంటుంది.

కొస మీద గాలి దెబ్బ తగ్గడానికి రేకు టోపీ పెట్టండి. టోపీకి, గొట్టానికి మధ్య గొట్టం వెడల్పంత ఖాళీ ఉండాలి. రవ్వలు ఆగడానికి జాలి కట్టేవాళ్లు ఉన్నారు. కడితే వారానికోసారి దులపాలి, లేకుంటే మసి పట్టి గొట్టమే మూసుకుపోతుంది.

గొట్టం కొత్తగా పెట్టుకునేవాళ్లకు ఒక మాట. పెద్దది అయితే మంచిదని 6 అంగుళాలది కొనొద్దు. 4 అంగుళాల దానికన్నా 6 అంగుళాల దాని దారి రెండుంపావు రెట్లు ఎక్కువ. ఇంటి వంటపొయ్యికి 3 నుంచి 4 అంగుళాలు సరిపోతుంది.

ప్రాణం మీదికి వచ్చే రెండు తప్పులు

మొదటిది, నిప్పుల మీద దారి మూయడం. మంట ఆరి ఎర్రటి నిప్పులు ఉన్నప్పుడు పొగ కనిపించదు, కానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలం వెచ్చగా ఉంటుందని వంటింటి తలుపులు మూసి, గొట్టం మూసి పడుకుంటే తెల్లారి లేవరు. కుంపటి పెట్టుకుని పడుకోవడం కూడా ఇంతే. పొయ్యి ఉన్న ఇంట్లో తలనొప్పి, తల తిరుగుడు, వాంతి వచ్చినట్టు అనిపిస్తే ఆలోచించకుండా అందరూ బయటికి రండి. మేకపిల్లలను, కోళ్లను కూడా ఆ గదిలో కట్టేయొద్దు.

రెండోది, గొట్టంలో నిప్పు అంటుకోవడం. పచ్చి కట్టె కాల్చి, పలకను ఎప్పుడూ మూసే ఉంచితే లోపల తారు పేరుకుంటుంది. ఒకరోజు పెద్దమంటకు అది అంటుకుని గొట్టం రైలింజన్‌లాగ మోగుతుంది. అప్పుడు పొయ్యి నోటిని తడి గోనెసంచితోనో తడి మట్టితోనో మూయండి, గాలి అందకపోతే చల్లబడుతుంది. పలకను కూడా మూయండి. మనుషులందరినీ బయటికి పంపండి. గొట్టంలో నీళ్లు పోయొద్దు, ఒక్కసారిగా ఆవిరి తన్నుతుంది, గొట్టం పగులుతుంది. కప్పు మీద, గడ్డివాము మీద మాత్రం నీళ్లు చల్లండి. 101కు ఫోన్ చేయండి. ఇట్లా జరగకుండా ఉండాలంటే నెలకోసారి గొట్టంలోకి గుడ్డ కట్టిన వెదురు దింపి మసి దులపండి.

రైతులు అడిగే ప్రశ్నలు

*సర్కారు తుమ్మ, పత్తి కట్టె ఒకేలా వాడొచ్చా?*
లేదు. పత్తి కట్టె, కంది కట్టె సన్నగా ఉంటాయి, ఒక్కసారి భగ్గుమంటాయి. అవి వేసేటప్పుడు పిడికెడు పిడికెడు వేయాలి, నోటి రేకు దగ్గరికి జరపాలి. సర్కారు తుమ్మ మొద్దు నిదానంగా మండుతుంది, దానికి పలక సగం తెరిచి ఉండాలి.

*అగ్నిఅస్త్రం ఈ పొయ్యి మీద కాచొచ్చా?*
వంటింట్లో వద్దు. మిర్చి, పొగాకు ఘాటు ఇంట్లో నిలుస్తుంది. దొడ్లో వేరే పొయ్యి పెట్టుకోండి. నోటి రేకుతో మంట తగ్గించి, మూత పెట్టి ఒక పొంగు రానిచ్చి దించండి. పలుకుబడి అంతా సన్నమంటలోనే ఉంది.

*నిజంగా కట్టె మిగులుతోందో లేదో ఎట్లా తెలుస్తుంది?*
తూకం వేయండి. సరిచేయకముందు ఒకరోజు 5 లీటర్ల నీళ్లు మసిలేదాకా ఎంత ఎండుకట్టె పోయిందో తూచి రాసుకోండి. సరిచేశాక అదే గిన్నె, అవే నీళ్లు, అదే కట్టెతో మళ్లీ చూడండి. కట్టె కిలో దగ్గర ఉంటే దాని వేడిలో పదో వంతే నీళ్లకు పట్టింది. అరకిలోకు వస్తే ఐదో వంతు పట్టినట్టు, అంటే మీ పొయ్యి పని సగం కట్టెతోనే అవుతోంది.

ఈ పనిలో ఒక సంగతి మరువొద్దు. పొయ్యి ముందు రోజూ కూర్చునేది ఎక్కువగా మన ఇంటి ఆడవాళ్లే. రేకు ఎక్కడ అందాలి, పిడి ఎంత ఎత్తులో ఉండాలి, ఏ గిన్నె ఎక్కడ పెడతారు అనేవి వాళ్లను అడిగే చేయించండి. వాళ్ల చేతికి అలవాటు కాని అడ్డుపలక తుప్పు పట్టి ఒకచోటనే ఉండిపోతుంది. ఈ వారం ముందు నోటి రేకు పెట్టి తూకం వేయండి. పైసా ఖర్చు లేని పని, సగం ఇళ్లకు అక్కడితోనే సరిపోవచ్చు.